పారబోసేది కూడా మన సొమ్మే

(సొసైటీ వార్షిక సభలో వ్యాపారస్తులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో స్కాలర్‌షిప్పుల గురించి, కుట్టు మిషన్ల గురించి, పేదపిల్లల నికాహ్‌ల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి నన్ను నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు చెత్త గురించి చెబుతానన్నాను. కార్యదర్శిగారు ఒక్క క్షణం నా మొహంకేసి చూసి, "భోజనాలకు ముందా భాయ్, తరువాతా?" అని అడిగారు. ముందే అన్నాను. భోజనాలయిన తరువాత నేను మాట్లాడే పని వుండదు, ఎత్తిన కంచాలే మాట్లాడతాయి.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. ఈ బెజవాడలో ముప్ఫయ్యేళ్లకు పైగా బిర్యానీ హోటలు నడిపినవాణ్ణి. నాకు తెలిసినవి దేగ్, పొయ్యి, గల్లాపెట్టె. నాలుగో వస్తువు ఒకటి హోటలు వెనుక సందులో వుండేది. అది చెత్త డబ్బా. పాతికేళ్ల పాటు దాని మూత తీసి లోపలికి చూసిన పాపాన పోలేదు. చూడవలసి వచ్చిన సందర్భం ముందుగా చెబుతాను. అది దాచుకుని మీకు సలహాలు చెప్పడం న్యాయం కాదు.

మన సొసైటీ సహాయ కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. కొన్నేళ్ల క్రితం ఒక ఫిబ్రవరి నెలలో ఒక అర్జీ వచ్చింది. భర్త పోయిన ఒక తల్లి, కొడుకు వైద్యానికి సాయం కావాలని ఎవరిచేతనో రాయించుకుని వచ్చింది. కుర్రవాడు పదో తరగతి. తెల్లవారుజామున తల్లితో పాటు వీధులు తిరిగి అట్టపెట్టెలు, నీళ్ల బాటిళ్లు ఏరి, ఇంటికి పోయి స్నానం చేసి బడికి వెళ్లేవాడు. ఒకరోజు చెత్త సంచీలో చెయ్యి పెడితే గాజు పెంకు అరచేతిలో దిగింది. కుట్లు వేశారు. చీము పట్టింది. మళ్లీ కోశారు. కమిటీ రెండు వేల రూపాయలు మంజూరు చేసింది. సంతకం నేనే పెట్టాను. ఆమె సలాం చేసి, వెళ్లబోతూ వెళ్లబోతూ, "మీ హోటలు సందులోనే సాబ్. మీ పనివాళ్లు చూసి వెంటనే నీళ్లు పోసి పట్టీ కట్టారు. అల్లా మీకు మేలు చేయాలి" అన్నది.

నన్ను నిందించడానికి ఆమె ఆ మాట అనలేదు. అందుకే ఇన్నేళ్లయినా అది నాకు గుచ్చుకుంటూనే వున్నది. దెబ్బ తగిలింది కుడిచేతికి. మార్చిలో పరీక్షలు. ఆ ఏడు ఆ పిల్లవాడు పరీక్షలు రాయలేకపోయాడు. పగిలిన గ్లాసులు, ఎంగిలి అన్నం, ఎముకలు, నీళ్ల బాటిళ్లు అన్నీ ఒకే నల్ల సంచీలో కట్టి పారేయించినవాణ్ణి నేను. రెండు వేలు మంజూరు చేసినవాణ్ణీ నేనే.

మరునాడు చేసిన మొదటి పని డబ్బా మూత తీయడం. మాంసం, కూరగాయలు తూచుకునే కాటా మీదనే వారం రోజులు ఆ చెత్తను తూయించాను. మా మేస్త్రీకి కోపం వచ్చింది. "సాబ్, మనం బిర్యానీ అమ్మాలా, కచరా తూచాలా?" అన్నాడు. రెండూ చేద్దాం, వారం రోజులే గదా అన్నాను. ముప్పాతిక వంతు తడిది. ఉల్లిపాయ పొట్టు, కూరగాయల చెక్కు, ఎముకలు, మిగిలిన అన్నం. తక్కినది కవర్లు, అట్టపెట్టెలు, నూనె డబ్బాలు, సీసాలు. వీటిలో నాకు నిద్రపట్టనివ్వనిది అన్నం. రోజుకు పదిహేను కిలోలకు తక్కువ కాకుండా వండిన అన్నం పోతున్నది. బాసుమతి బియ్యం, నెయ్యి, మసాలా, కట్టెలు, పనివాడి చెమట అన్నీ కలిసిన అన్నం. కొన్నప్పుడు రూపాయి తగ్గించమని బియ్యం షావుకారుతో గంటసేపు బేరమాడేవాణ్ణి. అదే బియ్యం వండి పారబోయడానికి మాత్రం మునిసిపాలిటీ బండివానికి మామూలు ఇచ్చేవాణ్ణి.

ఎందుకు మిగులుతున్నదని విచారిస్తే రెండు కారణాలు తేలాయి. మొదటిది, కంచం నిండుగా వుంటేనే గిరాకీ అని నాకు ఒక భ్రమ. మనిషి తినేదానికి మించి వడ్డిస్తున్నాము. రెండవది, రాత్రి పదిన్నరకు దించే ఆఖరి దేగ్. ఎవరైనా వచ్చి "లేదు" అనిపించుకుని పోతే పరువు తక్కువని అది పూర్తిగా వండించేవాణ్ణి. అప్పటి నుంచి ముందు కొంచెం తక్కువ వడ్డించి, అడిగినవారికి అదే ధరకు మళ్లీ వడ్డించమన్నాను. పది మందిలో ఇద్దరో ముగ్గురో అడిగేవారు. ఆఖరి దేగ్ సగం చేశాను. ఆరు నెలలు తిరిగేసరికి పదిహేను కిలోలు నాలుగైదు కిలోలకు దిగింది. గిరాకీ తగ్గలేదు. అందుచేత వ్యాపారస్తులకు నేను మొదట చెప్పేది ఇదే. తిరిగి వాడుకోవడం, కరిగించి మళ్లీ చేయడం, ఎరువు చేయడం ఇవన్నీ రెండో మాట. అసలు పుట్టకుండా చూసుకున్న చెత్త ఒక్కటే ఎవరికీ బరువు కానిది. ఇస్రాఫ్ గురించి ఖురాన్ షరీఫ్ అల్ అఅరాఫ్ సూరాలో ఏమి వున్నదో ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. పారే నది ఒడ్డున వుజూ చేసేటప్పుడు కూడా నీరు వృథా కారాదన్న బోధ జుమ్మా ఖుత్బాలో ఎన్నోసార్లు విన్నాము. విని వచ్చి దుకాణం తలుపు తీస్తాము. అక్కడ మాత్రం అది గుర్తు రాదు.

ఇక మిగిలిన చెత్తకు మూడు డ్రమ్ములు పెట్టించాను. తడిది ఒకదానిలో, పొడిది ఒకదానిలో, గాజూ పింగాణీ మూత వున్న చిన్న డ్రమ్ములో. అంతే. దీనికి యంత్రం అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు. అట్టపెట్టె కూర తగలకుండా వుంటే దానికి ధర. కూరలో నానితే అది ఎవరికీ పనికిరాదు. ప్లాస్టిక్ బాటిలూ అంతే. వస్తువు చెడేది వాడినప్పుడు కాదు, కలిపి పారేసినప్పుడు. విడిగా వుంచడానికి మనకు పట్టేది చేయి ఇటు తిప్పడమో అటు తిప్పడమో. కలిసిపోయిన తరువాత విడదీయడానికి ఒకరి చేతులు తెగుతాయి. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ముక్కే. మిగిలినవి దానికి ఉదాహరణలు.

ఇది మనవాళ్లకు కొత్త విద్య కాదు. మన తాతల వృత్తులు గుర్తు చేసుకోండి. నూర్‌బాషా సోదరులు, మన దూదేకులవారు, భుజాన విల్లు వేసుకుని వీధి వీధి తిరిగి గడ్డకట్టిన పాత పరుపు విప్పి, దూదిని ఏకి, అదే దూదితో కొత్త పరుపు కుట్టి ఇచ్చేవారు. పరుపు పారేయడం అన్న మాటే ఆ రోజుల్లో లేదు. కళాయి సాహెబు వస్తే వీధిలో పిల్లలందరమూ చుట్టూ చేరేవాళ్లం. తిత్తి వూది, నవాసారం పొడి చల్లి, తగరం రాసి, గుడ్డతో ఒక్కసారి తిప్పితే చిలుమెక్కిన ఇత్తడి గిన్నె వెండిలాగా మెరిసేది. గొడుగులు బాగుచేసేవారు, తాళాలు బాగుచేసేవారు, పాత ఇనుము కొట్లవారు, సైకిలు షాపులవారు ఎంతమంది మనవాళ్లు! పాడయినదాన్ని మళ్లీ పనికి వచ్చేటట్టు చేయడం మీద బతికిన జనం మనం. అటువంటి మన ఇళ్లల్లో వలీమా జరిగిన మర్నాడు షాదీఖానా వెనక్కి వెళ్లి చూస్తే ఏముంటుందో నేను వర్ణించనక్కరలేదు.

మన వూరికి ఒక ప్రత్యేకత వున్నది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి నడుమ నుంచే పోతాయి. కృష్ణ నీళ్లు డెల్టా పొలాలకు, చివరి ఊళ్ల తాగునీటి చెరువులకు మన వీధుల పక్కనుంచే వెళ్లాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి వంతెన మీద నిలబడి అడుగుకు చూడండి. పార్సిల్ డబ్బాలు, కవర్లు, థర్మోకోల్ ముక్కలు, పాత పరుపులు. ఆ కవర్లలో కొన్నింటి మీద దుకాణాల పేర్లు అచ్చువేసి వుంటాయి. నా హోటలు పేరు వున్న కవరు నేను చూశాను. మన దుకాణానికి మనం డబ్బిచ్చి వేయించుకున్న బోర్డు అది, కాలువ అడుగున వున్నది. 2021లో స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మన విజయవాడకు దేశంలో మూడో స్థానం వచ్చింది. సంతోషమే. ఊడ్చినవారికి ఆ గౌరవం దక్కాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మన సభ్యుల ఇళ్లు ఎన్నో మునిగాయి. ఆ వరద చెత్త వల్ల వచ్చింది కాదు, కుంభవృష్టి వల్ల, గండ్ల వల్ల వచ్చింది. ఆ మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కాని పూడుకుపోయిన సైడు కాలువలో నుంచి నీరు త్వరగా దిగదన్న సంగతి ఆ వీధుల్లో వున్నవారికి నేను చెప్పనక్కరలేదు.

"చట్టం వుంది గదా, మునిసిపాలిటీ వుంది గదా, మనకెందుకు?" అని కొందరు అంటారు. ఔను, చట్టం వున్నది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కంచాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ వంటివి దేశమంతటా నిషేధించారు. ఆ ఏడాది ఆఖరు నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులు కూడా ఇవ్వరాదన్నారు. అయినా బజారులో దొరుకుతున్నవో లేదో మీకే తెలుసు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు బల్ల కింద దాచడం మనకు తెలిసిన విద్యే. అయితే తనంతట తాను మానుకున్న వ్యాపారికీ, మాన్పించబడిన వ్యాపారికీ ఎంత తేడా వుంటుందో తెలుసుకోవాలంటే పాలారు నది కథ వినాలి.

పాలారు కర్ణాటకలో పుట్టి, మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులోకి దిగుతుంది. దిగిన తరువాత వాణియంబాడి, ఆంబూరు, ఇంకా కిందికి రాణీపేట. తోళ్ల పరిశ్రమకు పేరుపొందిన ఊళ్లు. ఆ వ్యాపారంలో మనవాళ్లు ఎందరో వున్నారు. మసీదులు, కాలేజీలు, ఆసుపత్రులు కట్టించిన దాతలు కూడా వారిలో వున్నారు. తోలును క్రోమియం లవణంతో పదును చేస్తారు. పాత పద్ధతిలో వేసిన క్రోమియం అంతా తోలుకు పట్టదు. మూడో వంతు దాకా నీళ్లతోనే పోతుంది. ఆ నీరు ఏళ్ల తరబడి శుద్ధి లేకుండా భూమి మీదికీ, నదిలోకీ వదిలారు. బావులు చెడ్డాయి. ప్రజలు కోర్టుకు వెళ్లారు. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పాడయిందన్న సర్వే లెక్క ఆ తీర్పులోనే వున్నది. ఒక్కొక్క తోళ్ల కర్మాగారానికి పదేసి వేల రూపాయల జరిమానా వేశారు. పాడుచేసినవాడే నష్టం భరించాలన్న సూత్రాన్ని ఈ దేశంలో గట్టిగా నిలబెట్టిన తీర్పుల్లో అది ఒకటి. శుద్ధి ఏర్పాటు లేనివి మూయాలన్నారు.

దీనిలో నన్ను ఆలోచింపచేసినది జరిమానా కాదు. ఆ మురుగునీటిలో నుంచి క్రోమియాన్ని తిరిగి తీసుకునే పద్ధతి వున్నది. మెగ్నీషియం ఆక్సైడు కలిపితే క్రోమియం అడుగున పేరుకుంటుంది, దానిని ఆమ్లంలో కరిగించి మళ్లీ తోలుకే వాడుకోవచ్చు. ఇటువంటి పద్ధతులకు మద్రాసులో 1948లో పెట్టిన కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ తోడ్పడింది. అంటే నదిలోకి పోయిన క్రోమియం వారు డబ్బుపెట్టి కొన్న సరుకే! కోర్టు వాకిలి తొక్కకముందే ఆ పని చేసి వుంటే ఖర్చూ తగ్గేది, ఆ కింది రైతుల బావులూ మిగిలేవి. డబ్బు లేక చేయలేదనడానికి వీలులేదు. డబ్బా మూత తీసి చూడలేదు, అంతే. నాలాగానే.

మన వ్యాపారాల సంగతికి వస్తాను. హోటళ్లలో, మిర్చీ బజ్జీ బండ్ల మీద వాడిన నూనె ముఖ్యం. మళ్లీ మళ్లీ మరిగిన నూనెలో చెడు పదార్థాలు పుడతాయి, వాటిని పోలార్ కాంపౌండ్లు అంటారు. అవి 25 శాతం దాటిన నూనె వాడరాదని 2018 జులై 1 నుంచి నిబంధన. అదే ఏడు ఆ నూనెను సేకరించి బయోడీజిల్ చేసే పథకాన్ని కేంద్ర ఆహార భద్రతా సంస్థ మొదలుపెట్టింది. వాడిన నూనెకు డబ్బిచ్చి తీసుకుపోతారు. అయితే కొనేవాడు అనుమతి వున్నవాడా కాదా అడగండి. చౌకగా కొని వేరే బండివాళ్లకు అమ్మేవాళ్లూ వున్నారు. వాళ్ల చేతికిస్తే ఆ నూనె మన పిల్లల బజ్జీల్లోకే తిరిగి వస్తుంది.

చికెన్ షాపుల సోదరులు కూడా ఇదే మాట చెవిన వేసుకోవాలి. ఎవరో తెల్లవారుజామున వ్యాను తెచ్చి పేగులూ ఈకలూ ఎత్తుకుపోతే మన పని తీరిందనుకుంటాము. అవి చేపల చెరువులకు పోతున్న వైనం ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. అది నిషేధం. ఎవరో ఒకరు తీసుకుపోవడమూ, సరైన చోటికి చేరడమూ ఒకటి కాదు. ఎముకల సంగతి వేరు. శుభ్రంగా విడిగా వుంచిన ఎముకలకు గిరాకీ వున్నది. మాత్రల గొట్టాలకు వాడే జెలటిన్, పొలాలకు ఎముకల ఎరువు వాటి నుంచే వస్తాయి.

ఆటోనగర్ మెకానిక్ సోదరులకు ఒక విన్నపం. ఇంజన్‌లో నుంచి తీసిన ఆయిలు మట్టిలో పోయకండి, సైడు కాలువలో అసలే వద్దు. దానిని మళ్లీ శుద్ధి చేసి ఆయిలుగా వాడవచ్చు. పీపాలో నీళ్లు కలవకుండా వుంచితే చాలు. బ్యాటరీలోని సీసం దాదాపు అంతా తిరిగి వస్తుంది. కాని దానిని ఇంటి పెరట్లో కరిగించేవాడికి అమ్మితే ఆ పొగ పిల్లల రక్తంలో చేరుతుంది. లోకంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం హానికరమైన పాళ్లలో వున్నదని 2020లో యూనిసెఫ్ నివేదిక చెప్పింది. పాత బ్యాటరీలను అడ్డదిడ్డంగా కరిగించడం దానికి ఒక ముఖ్య కారణం. కనుక తిరిగి వాడటమన్నది కూడా సరిగా చేస్తేనే సవాబు. ఐదు రూపాయలు ఎక్కువిచ్చే పెరటి కొలిమివాడి కన్నా, ఐదు రూపాయలు తక్కువిచ్చే కంపెనీ డీలరే మేలు. వైర్లు కాల్చి రాగి తీసేవాళ్ల సంగతీ అంతే.

దర్జీ సోదరులకు చెప్పేది తక్కువే. కత్తిరింపు ముక్కల్లో నూలువి వేరు, సిల్కూ టెరికాటూ వేరు పెట్టండి. నూలు పీలికలను మెకానిక్కులే చేతులు తుడుచుకోవడానికి కొంటారు.

బక్రీదు తోళ్ల సంగతి చెప్పకుండా ముగిస్తే పెద్దలు ఒప్పుకోరు. ఒకప్పుడు ఖుర్బానీ తోళ్లు మదర్సాలకు మంచి ఆదాయం. ఇటీవలి సంవత్సరాల్లో ధర పడిపోయి, కొనేవాడు రాక, తోళ్లు గుంటల్లో కుళ్లిపోవడం చూశాము. ధర మన చేతిలో లేదు. ఉప్పు మన చేతిలో వున్నది. తీసిన కొద్ది గంటల్లో ఉప్పు పట్టించిన తోలు నిలవ వుంటుంది, బేరానికి నిలబడగలుగుతాము. ఉప్పు లేని తోలు సాయంత్రానికి చెత్త. ఈసారి పండుగకు ముందే సొసైటీ తరఫున ఉప్పు బస్తాలు, నలుగురు మనుషులు సిద్ధంగా వుండాలని కమిటీని కోరుతున్నాను.

ఇక నా విన్నపం. మన సభ్యుల్లో దుకాణాలున్నవారు ఎంతోమంది. చెత్త ఏరుకుని బతికే కుటుంబాలు కూడా మన మొహల్లాల్లోనే వున్నాయి. ఈ ఇద్దరూ ఒకే మసీదులో ఒకే సఫ్‌లో నిలబడతారు. కాని దుకాణం వెనుక సందులో కలుసుకున్నప్పుడు ఒకరికొకరు ఎవరో తెలియనట్టు వుంటారు. ఇష్టమున్న వ్యాపారస్తులు పొడిచెత్త విడిగా, శుభ్రంగా వుంచి, సొసైటీ చూపించిన కుటుంబానికే నేరుగా ఇవ్వాలి. వాళ్లు రావడానికి ఒక వేళ పెట్టాలి, తెల్లవారుజామున చీకట్లో కాదు, పగలు. గాజు వేరే డబ్బాలో వుండాలి. చేతికి తొడుగులు సొసైటీ ఇవ్వాలి. మా హోటలు సరుకు ఇప్పుడు నేను చెప్పిన ఆ తల్లే తీసుకుపోతున్నది. కాటా వేసి, పుస్తకంలో రాసి, దర్జాగా ముందు గుమ్మం నుంచే వస్తుంది. కుర్రవాడు మరుసటి ఏడు పరీక్ష రాశాడు. ఇప్పుడు ఐ.టి.ఐ. చదువుతున్నాడు. ఆ చేతి వేళ్లు రెండు ఇప్పటికీ పూర్తిగా ముడవలేడు.

వలీమాల కోసం సొసైటీలో స్టీలు కంచాలు, గ్లాసులు వుంచుదాము. అద్దె నామమాత్రం, పేదవారికి ఉచితం. ఐదు వందల కంచాలు కావాలని లెక్క వేశాము. మొదటి రెండు వందలూ నావి, తెచ్చి స్టోరులో పెట్టించాను. తాళం చెవి కార్యదర్శిగారి వద్ద వున్నది. కడగడానికి మనుషులు దొరకరని ఒక పెద్దమనిషి ఇందాకే నా చెవిలో అన్నారు. కూలి ఇస్తే దొరుకుతారు. కాగితం కంచాలకు పెట్టే ఖర్చు ఆ కూలికి సరిపోతుంది, నేను లెక్క కట్టి చూశాను.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టించాము. దుకాణం పేరు, వీధి, రోజుకు ఏ రకం సరుకు వస్తుందో రాయండి. ఎవరినీ బలవంతపెట్టము. ఇష్టం లేనివారు రాయకండి, భోజనం మాత్రం చేసి వెళ్లండి. ఇవాళ స్టీలు కంచాలే. దస్తర్‌ఖాన్ చివర ఎముకలు వేయడానికి బేసిన్లు పెట్టాము, మర్చిపోవద్దు. అన్నం మాత్రం కొంచెంగా వడ్డించమన్నాను. కావాలంటే అడగండి, దేగ్ నాదే.

వస్సలాము అలైకుమ్.